యురేనియము శుద్ధియా? సమృద్ధియా?

వార్తాపత్రికలలో కొన్ని యేండ్లనుండి తఱచుగా కనబడుచున్న మాటలలో "యురేనియము శుద్ధి" యనునది యొకటి. ఒక దేశము 20 శాతము శుద్ధి చేసెననియు, పిమ్మట 60 శాతము చేసెననియు, 90 శాతమునకు వచ్చినచో బాంబు సిద్ధమగుననియు చదువుచున్నాము. ఈ మాటలు చేరని యిల్లు లేదు. వాని యర్థము తెలిసిన యిండ్లు మాత్రము కొలదిగా నున్నవి.

కొన్ని నెలల క్రిందట మన పాఠశాల పఠనమందిరములో తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు పత్రికను చేతబట్టుకొని నాయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, ఇక్కడ 60 శాతమని యున్నది. బాంబునకు 90 కావలెనట. అనగా మూడింట రెండు వంతుల పని యైనది, ఒక వంతు మిగిలియున్నది. అంతేనా అండీ?" యని యడిగెను. వాని భాగహారము సరిగానే యున్నదని తలచి, "అంతే నాయనా" యని చెప్పి పంపివేసితిని. ఆ రాత్రి భోజనమైన పిమ్మట ఆ ప్రశ్న మరల జ్ఞప్తికి వచ్చెను. కాగితముపై లెక్క వేసి చూచుకొనగా నా జవాబు తప్పని తేలినది. మఱునాడు తరగతిలో ఆ తప్పు నొప్పుకొని సరిదిద్దితిని. ఆ వారములోనే చదువుకొన్న పెద్దలు ఇద్దఱు ముగ్గురు నాతో అదే లెక్క చెప్పి, అదే పొరపాటు పడిరి. కావున ఆ నాటి పాఠమునే కొంచెము విపులముగా మన వార్షిక సంచికలో వ్రాయుచున్నాను. ఇందు వచ్చు గణితము చిన్న తరగతులలో నేర్చిన భాగహారమును మించదు. తల్లిదండ్రులును చదువుదురని నమ్ముచున్నాను.

1. ఒకే యింటిపేరు, రెండు బరువులు

యురేనియమను మూలకమును 1789లో మార్టిన్ క్లాప్రోత్ అను జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు కనుగొనెను. అంతకు ఎనిమిదేండ్ల ముందు విలియం హెర్షెల్ కనుగొన్న యురేనస్ గ్రహము పేరునే దానికి పెట్టెను. నూఱేండ్లకు పైగా అది ముఖ్యముగా గాజునకును, పింగాణికిని వన్నె పెట్టుటకే యుపయోగపడెను. 1896లో హెన్రీ బెకరెల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ లోహపు లవణముల నుండి కంటికి కానరాని కిరణములు వెలువడుచున్నవని కనుగొనెను. అప్పటినుండి దానివంక లోకము కొత్తచూపు చూడసాగెను.

ప్రతి పరమాణువు నడుమను కేంద్రకమున్నది. అందు ప్రోటానులును, న్యూట్రానులును గలవు. ప్రోటానుల సంఖ్య యింటిపేరు వంటిది. అది మాఱినచో మూలకమే మాఱిపోవును. న్యూట్రానుల సంఖ్య మనిషి బరువు వంటిది. ఒకే యింటి యన్నదమ్ములలో నొకడు బరువుగాను, ఒకడు తేలికగాను ఉండవచ్చును. యురేనియము కేంద్రకములో 92 ప్రోటానులుండును. కొన్ని పరమాణువులలో 146 న్యూట్రానులును, మఱికొన్నింటిలో 143 న్యూట్రానులును ఉండును. రెండును కూడి మొదటిది 238, రెండవది 235. పత్రికలలో యురేనియము-238, యురేనియము-235 అని వ్రాయునవి యీ సంఖ్యలే.

ఇట్టి యన్నదమ్ములకు 1913లో ఫ్రెడెరిక్ సాడీ యను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు "ఐసోటోపులు" అని పేరు పెట్టెను. గ్రీకు భాషలో దాని యర్థము "ఒకే చోటు" అని. ఆ పేరును సూచించినది మార్గరెట్ టాడ్ అను వైద్యురాలు. మూలకముల పట్టికలో ఇవి యన్నియు ఒకే గదిలో కూర్చుండును గనుక ఆ పేరు తగియున్నది. మన తెలుగు శాస్త్రగ్రంథములు దానినే "సమస్థానీయములు" అని తెనిగించినవి.

గనులనుండి తీసిన యురేనియములో 1,000 పరమాణువులను ఎంచినచో 993 వఱకు 238 గాను, 7 మాత్రమే 235 గాను ఉండును. ఈ "వేయింట ఏడు" అను సంఖ్యను పాఠకులు మఱువకుందురుగాక. ముందు చెప్పబోవు సంగతులన్నియు దానిపైననే నిలిచియున్నవి.

2. "శుద్ధి" అనుమాట యెందుకు తగదు?

శుద్ధి యనగా మాలిన్యమును తీసివేయుట. కంసాలి బంగారమును పుటము వేయునప్పుడు బంగారముగాని దానిని తొలగించును. యురేనియము విషయములోను అట్టి శుద్ధి యొకటి కలదు. గనినుండి తెచ్చిన రాతిని పొడిచేసి, ద్రావకములలో కరగించి, యురేనియమును వేఱుచేసి, పసుపు వన్నెగల పొడిగా తయారు చేయుదురు. దానిని మఱింత నిర్మలము చేయవచ్చును. ఇది నిజమైన శుద్ధి. అయితే యెంత నిర్మలము చేసినను, ఆ పొడిలోని యురేనియము పరమాణువులలో వేయింట ఏడే 235 లుగా నుండును. మాలిన్యము తొలగినది గాని యన్నదమ్ముల నిష్పత్తి మాఱలేదు.

పత్రికలలో చెప్పు పని దీని తరువాతిది. అది యీ నిష్పత్తిని మార్చుట; 235 పాలు హెచ్చించుట. తొలగింపబడునది మాలిన్యము గాదు, అదియు నిర్మలమైన యురేనియమే. కావున దీనికి "సమృద్ధి" యనుమాట తగును. "60 శాతము శుద్ధి" యని చదివినవారు అందు 40 పాళ్లు మురికి యున్నదని తలంతురు. అట్లు గాదు. నూఱు పరమాణువులలో అరువది 235 లును, తక్కినవి దాదాపు అన్నియు 238 లును అని మాత్రమే దాని తాత్పర్యము.

3. ఆ యేడింటికి అంత విలువ యేల?

1938 డిసెంబరులో జర్మనీ దేశమున ఆటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మాన్ అను వారు యురేనియముపై న్యూట్రానులను ప్రయోగించి, అందు బేరియము పుట్టుటను గమనించిరి. అట్లగుటకు కారణము కేంద్రకము రెండుగా చీలుటయే యని లీజే మైట్నర్ అను విదుషీమణియు, ఆమె సోదరి కుమారుడు ఆటో ఫ్రిష్‌యు వివరించిరి. జీవశాస్త్రములో కణము రెండుగా చీలుటకు వాడు మాటను ఫ్రిష్ దీనికి తీసికొనెను. మనము దానిని "విచ్ఛిత్తి" యందుము.

235 కేంద్రకమునకు న్యూట్రాను తగిలి అది చీలినప్పుడు గొప్ప శక్తితోపాటు రెండో మూడో కొత్త న్యూట్రానులు వెలువడును. అవి మఱి రెండు మూడు కేంద్రకములను చీల్చును. ఇట్లు ఒకదానివలన నొకటి సాగుటయే "శృంఖల చర్య". ఒక కిలోగ్రాము 235 పూర్తిగా చీలినచో వచ్చు వేడి 2,500 టన్నులకు పైగా బొగ్గును కాల్చిన వేడికి సమానము. 238 కేంద్రకమో, మెల్లగా వచ్చు న్యూట్రానును మ్రింగునే గాని చీలదు. తడికట్టెలలో ఎండుకట్టెలు ఏడు వేసి నిప్పంటించిన యెడల మంట సాగదు గదా! 235 తక్కువగా నున్నచో శృంఖలయు అట్లే ఆగిపోవును.

లోకములో హెచ్చుగా నున్న, మామూలు నీటితో నడచు విద్యుత్కేంద్రములకు 235 నూటికి 3 మొదలు 5 వఱకు ఉండిన చాలును. ఆ పాళ్లలో మంట నిలుకడగా సాగునే గాని బాంబువలె ప్రేలజాలదు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో జరిగిన ఘోరప్రమాదము కూడ అణుబాంబు ప్రేలుడు గాదు. అడ్డులేక పెరిగిన వేడివలన ఆవిరి పట్టుదప్పి కొలిమిని బ్రద్దలు చేయుటయు, తరువాతి యగ్నియు విషపదార్థములను వెదజల్లినవి. బాంబునకు మాత్రము సాధారణముగా 90 శాతమో, అంతకు హెచ్చో వాడుదురు.

4. వేఱుచేయుట యెట్లు?

మన రైతులు కళ్లములో ధాన్యమును తూర్పార బట్టుదురు. గాలికి తేలికైన తాలు దూరముగా పోవును, బరువైన గింజ దగ్గఱ పడును. బరువులోని భేదమే వేఱుచేయు సాధనము. యురేనియమునకును సూత్ర మిదియే. అయితే రెండు భేదములున్నవి. మొదటిది, ఇక్కడ మనకు కావలసినది తేలికైన 235. వదలివేయునది బరువైన 238. రెండవది, తాలునకును గింజకును బరువులో ఎంతో తేడా యుండగా, వీని తేడా నూటికి రెండు పాళ్లైనను లేదు. రసాయన ద్రావకములు కలిపి సులువుగా విడదీయుదమా యన్నచో, ఇంటిపేరు ఒకటే గనుక ద్రావకములకు ఇద్దఱును దాదాపు ఒక్కటే.

పనికి మొదట యురేనియమును వాయువుగా మార్చవలెను. ఫ్లోరినుతో కలిపినచో యురేనియము హెక్సాఫ్లోరైడు అను పదార్థ మగును. అది 56 డిగ్రీలు దాటగనే కరగకుండనే ఆవిరియై పోవును. ఫ్లోరినుకు ప్రకృతిలో సమస్థానీయము ఒక్కటే యుండుట మఱియొక సౌకర్యము. బరువులో తేడా కనబడినచో అది యురేనియముదే యని నిశ్చయింపవచ్చును. ఈ వాయువులో ఒక యణువు బరువు 349, రెండవదాని బరువు 352. నూటికి ఒకపాలు కూడ లేని యీ తేడాను పట్టుకొని పనిచేయవలెను.

అందులకు వాడు యంత్రమునకు "సెంట్రిఫ్యూజు" అని పేరు. తెలుగున "అపకేంద్ర యంత్రము". ఆసుపత్రి ప్రయోగశాలలో నెత్తురు గొట్టములను గిఱగిఱ త్రిప్పు చిన్న యంత్రమును చూచినవారు దీని నూహింపగలరు. త్రిప్పగనే బరువైన కణములు అడుగునకు చేరి, తేలికైన పసుపు ద్రవము పైన నిలుచును. యురేనియము యంత్రము సన్నని పొడవైన గొట్టము. గాలి తీసివేసిన తొడుగులో అది నిమిషమునకు ఏబదివేలసారులకు పైగా కూడ తిరుగును. దాని గోడ ధ్వనివేగమును మించి పోవుచుండును. బరువైన యణువులు గోడవైపున కొంచెము హెచ్చుగాను, తేలికైనవి నడుమ కొంచెము హెచ్చుగాను చేరును. ఆ "కొంచెము"నే వేఱువేఱు గొట్టములద్వారా బయటికి తీయుదురు. ఈ యంత్రమునకు నేటి రూపము నిచ్చినవారిలో ముఖ్యుడు గెర్నోట్ జిప్పె యను ఆస్ట్రియా దేశస్థుడు; రెండవ ప్రపంచ యుద్ధానంతరము సోవియట్ దేశములో బందీగా నుండి దీనిపై పనిచేసెను.

ఒక్క యంత్రమువలన జరుగు వృద్ధి మిక్కిలి స్వల్పము. కావున వేలకొలది యంత్రములను అంచెలు అంచెలుగా కూర్చుదురు. దీనిని "అంచెల వరుస" యందము. విద్యార్థులకు దీనిని పరీక్షల పోలికతో చెప్పితిని. ప్రతి తరగతిలోను పరీక్ష జరుగును. ఉత్తీర్ణులు పై తరగతికిని, తప్పినవారు క్రింది తరగతికిని పోవుదురు. అయితే యిక్కడి పరీక్షకుని చూపు మందము. మంచి విద్యార్థిని గుర్తించుట అతనికి చాల కష్టము. అయినను అనేక తరగతులు గడచునప్పటికి పై తరగతులలో మంచివారు హెచ్చుదురు. క్రింద చిట్టచివరను మిగిలినదానిని "తోక" యందురు. అందులో వేయింట రెండో మూడో 235 లు ఇంకను ఉండును. వానిని కూడ ఏఱుట సాధ్యమే గాని, శ్రమకు తగిన ఫలము దక్కదు. 235 ఇట్లు తగ్గిపోయినదానినే "క్షీణ యురేనియము" అని వ్యవహరింతురు.

5. పేరు తెలియక పనిచేసిన బాలికలు

ఈ వేర్పాటు పనిని మొట్టమొదట పెద్దయెత్తున చేసినది రెండవ ప్రపంచ యుద్ధకాలములో అమెరికాదేశపు టెనెసీ రాష్ట్రమందలి ఓక్ రిడ్జ్ అను చోట. అచ్చట నొక యంత్రశాలలో వాయువును సన్నని రంధ్రములుగల తెరలగుండ పంపిరి. మఱియొక యంత్రశాలలో పెద్ద అయస్కాంతములతో పరమాణువుల త్రోవను వంచి, తేలికైనవానిని వేఱుగా పట్టిరి. యుద్ధమువలన రాగి దొరకకపోగా, ఆ యయస్కాంతముల తీగచుట్లకై అమెరికా ప్రభుత్వ ఖజానానుండి 13,000 టన్నులకు పైగా వెండిని అరువు తెచ్చుకొనిరి. వేయింటిలో నుండి ఏడింటిని వేఱుచేయుట యెంత కష్టమో ఆ వెండియే చెప్పును.

ఆ యంత్రముల ముందు కూర్చుండి ముల్లులను చూచుచు మరలను త్రిప్పినవారిలో అనేకులు అప్పుడే హైస్కూలు చదువు ముగించిన బాలికలు. ముల్లు ఇటు పోయిన నిట్లు త్రిప్పవలెనని నేర్పిరేగాని, తాము చేయుచున్న దేమో వారికి చెప్పలేదు. "యురేనియము" అను మాటయే అచ్చట నిషిద్ధము. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై పడిన బాంబులో సుమారు 64 కిలోగ్రాముల సమృద్ధ యురేనియము ఉండెను. అందు నిజముగా చీలినది ఒక కిలోగ్రామునకు లోపలనే. ఆ వార్త విన్న తరువాతనే యా బాలికలకు తమ చేతుల పని తెలిసినది. మన పిల్లల వయస్సునకు కొంచెము పెద్దవారైన ఆ బాలికలను గూర్చి చదివినప్పుడు నా మనస్సునకు తోచిన దొక్కటి. పేరు తెలియనివాడు పనిని చేయగలడు గాని, దానిని గూర్చి మంచిచెడ్డలు విచారింపలేడు. మాటల యర్థము తెలిసికొనుట పరీక్షలకొఱకు మాత్రమే గాదు.

6. శాతముల లెక్క

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వత్తము. మనయెదుట 1,000 గింజలున్నవనుకొందము. అందు 7 మేలువిత్తనములు, 993 సామాన్యపు గింజలు. మేలువిత్తనము ఒక్కటియు పోకుండ సామాన్యపు గింజలను ఏఱి పాఱవేయుచు పోవుదము.

నూటికి 4 పాళ్లు కావలెనన్నచో, 7 విత్తనములకు మొత్తము 175 గింజలు మిగులవలెను. అనగా 825 గింజలను తీసివేయవలెను.

నూటికి 20 పాళ్లకు మొత్తము 35 గింజలు మిగులును. దీనికి మఱి 140 తీసిన చాలును.

నూటికి 60 పాళ్లకు సుమారు 12 గింజలు మిగులును. మఱి 23 తీసిన చాలును.

నూటికి 90 పాళ్లకు సుమారు 8 గింజలు మిగులును. మఱి 4 తీసిన చాలును.

825, 140, 23, 4. ఈ నాలుగు సంఖ్యలను వరుసగా చూడుడు. పత్రికలో శాతము 4 నుండి 20 కి, 20 నుండి 60 కి, 60 నుండి 90 కి పెద్ద యంగలు వేయుచున్నది. పని మాత్రము అడుగడుగునకు తగ్గిపోవుచున్నది. మొదటి నాలుగు శాతములకే గొప్పభాగము గడచిపోయినది.

గింజల లెక్క సులభముగా తెలియుటకు చెప్పినది. యంత్రశాలలో తోకయందు కొంత 235 పోవును. యంత్రముల శ్రమయు గింజల సంఖ్యతో సరిగా సమానము గాదు. ఆ శ్రమను కొలుచుటకు శాస్త్రజ్ఞులు "వేర్పాటు పని" అను నొక కొలతను ఏర్పఱచిరి. తోకలో 0.3 శాతము విడిచినట్లు భావించి ఆ కొలతతో లెక్కించినచో, 90 శాతమునకు కావలసిన మొత్తము పనిలో, 4 శాతము చేరునప్పటికి నూటికి 60 పాళ్లకు పైగాను, 20 శాతము చేరునప్పటికి సుమారు 89 పాళ్లును, 60 శాతము చేరునప్పటికి సుమారు 97 పాళ్లును పూర్తియగును. నేను "మూడింట రెండు వంతులు" అని చెప్పినచోట నిజమైన జవాబు "నూటికి తొంబదియేడు" అని. మూడవవంతు మిగిలినదనుకొన్నచోట మిగిలినది మూడు పాళ్లు మాత్రమే.

అందువలననే 20 శాతమును ప్రపంచమంతటను ఒక సరిహద్దుగా పెట్టుకొనిరి. 20 కి లోపలిది "అల్ప సమృద్ధము", 20 మొదలు పైది "అధిక సమృద్ధము". నూటికి ఇరువది యనగా చిన్న సంఖ్యవలె తోచును. దానిని దాటిన తరువాత త్రోవ మిక్కిలి పొట్టిది. 2015 జులైలో ఇరాను దేశముతో ఆఱు దేశములు చేసికొన్న యొడంబడికలో 3.67 శాతమును, 300 కిలోగ్రాముల నిలువను మించరాదని నియమించుటకు కారణమిదియే. 2018 మేలో అమెరికా యందుండి వైదొలగెను. 2021 ఏప్రిల్‌లో ఇరాను 60 శాతము చేయుట ప్రారంభించెను. 3.67 నుండి 60 కి యెక్కినదన్న వార్త యెందుకంత కలవరము పుట్టించెనో పై లెక్క చూచినవారికి తెలియును.

అట్లని శాతమును చూచినంతనే బాంబు సిద్ధమైనదని బెదరుటయు తగదు. వాయువుగా నున్నదానిని లోహముగా మార్చుట, దానిని తగిన యాయుధముగా కూర్చుట మొదలైన కష్టమైన పనులు వేఱుగా నున్నవి. తగినంత రాశియు ఉండవలెను. శృంఖల చర్య తనంతట తాను సాగుటకు కావలసిన కనీసపు రాశిని "సందిగ్ధ ద్రవ్యరాశి" యందురు. చిన్న ముద్దలో న్యూట్రానులు బయటికి పాఱిపోవును, శృంఖల తెగిపోవును. 1957లో స్థాపింపబడి వియన్నా నగరమునుండి పనిచేయు అంతర్జాతీయ అణుశక్తి సంస్థవారు లెక్కలు చూచుకొనుటకు, అధిక సమృద్ధ యురేనియములోని 25 కిలోగ్రాముల 235 ను "గమనింపదగిన రాశి" గా నిర్ణయించిరి. వార్త చదువునప్పుడు "ఎంత శాతము?" అనియే గాక "ఎన్ని కిలోగ్రాములు?" అనియు అడుగవలెను.

చిక్కు మఱియొకచోట నున్నది. వేయి మెగావాట్ల విద్యుత్కేంద్రమున కొక యేడాదికి ఇంధనము చేయుటకు వేర్పాటు పని ఒక లక్షకు పైగా కొలతలు కావలెను. పైన చెప్పిన గమనింపదగిన రాశికో, అయిదువేలకు కొంచెము మించిన కొలతలు చాలును. దీపము వెలిగించు యంత్రశాలయు, ఊరిని కాల్చు యంత్రశాలయు వేఱువేఱుగా నుండవు. ఒకే యంత్రములు, భేదము వానిని నడపువారి సంకల్పములోను, చూచు తనిఖీదారుల కన్నులలోను ఉన్నది.

7. మన ప్రాంతమున

తెలుగువారికి యురేనియము పరాయి వస్తువు గాదు. కడప జిల్లాలోని తుమ్మలపల్లెలో యురేనియము గని యున్నది. హైదరాబాదులోని అణు ఇంధన సముదాయములో విద్యుత్కేంద్రములకు కావలసిన ఇంధనపు కట్టలు తయారగును. గోదావరీ తీరమందలి మణుగూరులో భారజల కర్మాగార మున్నది. మన దేశపు అణువిద్యుత్కేంద్రములలో హెచ్చుభాగము సమృద్ధి చేయని యురేనియముతోనే నడచును; అందులో మామూలు నీటికి బదులు భారజలమును వాడుదురు. భారజలము న్యూట్రానుల వేగమును తగ్గించునే గాని వానిని మ్రింగుట మిక్కిలి తక్కువ. కావున వేయింట ఏడు 235 లున్నను మంట నిలుచును. 1969లో ప్రారంభమైన తారాపూరు కేంద్రపు మొదటి రెండు కొలిమిలును, తమిళనాటి కూడంకుళము కొలిమిలును మాత్రము అల్ప సమృద్ధ యురేనియముతో నడచుటకు కట్టబడినవి.

సమృద్ధి లేనిచోట ఆయుధభయము లేదని తలంపరాదు. కొలిమిలో 238 న్యూట్రానును మ్రింగి క్రమముగా ప్లుటోనియముగా మాఱును. దానితోను బాంబు చేయవచ్చును. 1974లో పోఖ్రానులో మనదేశము జరిపిన పరీక్ష ప్లుటోనియముతో జరిగినదే.

8. తిరుగు ప్రయాణము

ఇంతవఱకు మెట్లెక్కుటను గూర్చియే చెప్పితిని. దిగుటకు కూడ త్రోవ కలదు. 90 శాతముగల యురేనియములో తక్కువ పాళ్లుగల యురేనియమును కలిపినచో 4, 5 శాతములుగల ఇంధనము తయారగును. చిక్కని పాలలో నీరు పోసి పలుచన చేయుటవంటి దిది. ఎక్కుటకు వేల యంత్రములు కావలెను. దిగుటకు సమకూర్చి కలుపుట చాలును.

ఇది ఊహ గాదు, జరిగినది. 1993లో అమెరికా, రష్యా దేశములు ఒక యొప్పందము చేసికొనిరి. రష్యా ఆయుధములలోని 500 టన్నుల అధిక సమృద్ధ యురేనియమును పలుచన చేసి, అమెరికా విద్యుత్కేంద్రములకు ఇంధనముగా పంపవలెనని నిర్ణయించిరి. ఇరువదియేండ్లు ఆ పని సాగి 2013 డిసెంబరులో ముగిసెను. సుమారు 20,000 బాంబులకు సరిపడు పదార్థ మట్లు దీపములలో వెలిగినది. ఆ కాలములో అమెరికాలో వాడిన విద్యుత్తులో దాదాపు పదవవంతు దానివలన వచ్చినదే. ఒకరినొకరు కాల్చివేయుటకు దాచుకొన్న వస్తువుతో ఆ ప్రజలు తమ పిల్లల చదువుబల్లలమీద వెలుగు పెట్టుకొనిరి. యెషయా ప్రవక్త చూచిన దర్శనము నెఱిగినవారికి దీనిని వేఱుగా వ్యాఖ్యానింప నక్కఱలేదు.

విద్యార్థులారా, ఇకమీద పత్రికలో "శుద్ధి" యను మాట కనబడినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇది మాలిన్యము తీయుటయా, నిష్పత్తి మార్చుటయా? శాతమెంత, రాశి యెంత? ఆ శాతమువద్ద పని యెంత మిగిలియున్నది? ఈ మూడింటికి జవాబు తెలిసినవాడు ఊరకే భయపడడు, ఊరకే ధైర్యపడడు. తొమ్మిదవ తరగతి విద్యార్థి యడిగిన యొక్క ప్రశ్నవలన నాకీ లెక్క తెలిసినది. ఆ బాలుడు నా జవాబును నమ్మి వెడలిపోయినప్పటికి, నేను మాత్రము అతనికి ఋణపడితిని. ఈ వ్యాసమే ఆ ఋణమునకు చెల్లింపు.